కొత్త విండోస్‌కు కొట్టిన టెంకాయ

మా అత్త హనుమంతమ్మకు ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా టెంకాయ కొట్టకపోతే చేతులు ఊరుకోవు. మిక్సీ వచ్చినప్పుడు కొట్టింది. ఫ్రిజ్ వచ్చినప్పుడు కొట్టింది. పాడైన ఫ్యాన్‌ను రిపేరు చేయించి తెస్తే దానికీ కొట్టింది. "ఇది పాతదే గదా అత్తా" అంటే, "పోయి తిరిగొచ్చింది గదే, అది కొత్తదే లెక్క" అంది. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో కంప్యూటర్‌కు కొత్త విండోస్ వేయించాలని నేను పూనుకున్నాను. నా ధైర్యానికి నాకే దండ వేయాలి.

నా పేరు ఈశ్వరి. ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే అంగడి నాది. ముందు గది అంగడి, వెనక ఇల్లు. కాబట్టి డిజైన్లు నేను చూపిస్తాను, వంకలు మా అత్త పెడుతుంది. పూర్వం ఈ డిజైన్లను అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కించేవాళ్లు. ఇప్పుడు కొన్ని మగ్గాలకు కరెంటు పెట్టెలు వచ్చాయి. డిజైన్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి పెట్టెకు గుచ్చితే చాలు, ఏ పోగు లేవాలో ఏ పోగు అణగాలో అదే చూసుకుంటుంది. నేసేవాడి కాళ్లకూ నడుముకూ మాత్రం ఏ పెట్టే రాలేదు, అది వేరే సంగతి.

నా దగ్గర పనిచేసే పిల్ల గౌతమి. నా కడుపున పుట్టకపోయినా నా మాట వింటుంది, అంతకంటే ఏం కావాలి. వాళ్ల నాయన ముత్యాలప్ప నేతగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరెవరి కూతుళ్ల పెళ్లిళ్లకో చీరలు నేశాడు. ఆయన నేసిన చీర ఒక్కటంటే ఒక్కటి ఆ ఇంటి ఆడవాళ్ల ఒంటి మీదికి రాలేదు. శ్రావణంలో ముహూర్తంతో గౌతమికి పెళ్లి కుదిరినప్పుడు ఆయన మా అంగడికి వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"ఈసారి నా బిడ్డకే నేస్తా ఈశ్వరమ్మా. డిజైన్ ఆ పిల్లనే గీసుకోనీ."

గౌతమి గీసింది. హంసలు కాదు, నెమళ్లు కాదు, రుద్రాక్షలు కాదు. అంచు పొడుగునా చెనిక్కాయ తీగ, అదే వేరుశనగ! ఆకులు, ఊడలు, ఊడల చివర జరీ కాయలు. వాళ్లమ్మది నల్లమాడ దగ్గర పల్లె, పుట్టింటివాళ్లంతా చెనిక్కాయ రైతులు. "అమ్మ వైపుది కాయ, నాయన వైపుది జరీ. రెండూ నా చీరలో ఉండాల అక్కా" అంది. ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. చెమర్చినట్టు కనపడకుండా, "ఆ ఆకు మూల సరిగా లేదు, చూసుకో" అని గద్దించాను.

ముత్యాలప్ప ఆ డిజైన్‌ను పెన్ డ్రైవ్‌లో తీసుకుపోయి, మగ్గం మీద అంచు మటుకు మూరెడు ట్రయల్ నేసి తెచ్చి చూపించాడు. మేమంతా నోళ్లు తెరుచుకొని చూశాం. మా అత్త ఒక్కతే కళ్లద్దాలు సర్దుకొని ఆ ముక్కను వేళ్లతో తడిమింది.

"కాయలు బాగుండాయి గానీ, గింజ యాడుండాదే?"

"కాయ లోపలుండే గింజ బయటికి ఎట్ల కనపడుతుంది అవ్వా?" అంది గౌతమి.

"నాకట్ల తెలీదు. వాన ఎగ్గొట్టిన ఏడు చేన్లో కాయలు పీకితే అన్నీ లొట్టలే. పైకి నున్నగా ఉంటాయి, ఒలిస్తే ఏమీ ఉండదు. అట్లాంటివి కట్టుకొని పెండ్లి పీటల మీద కూర్చుంటావా?"

"అత్తా, నువ్వు లోపలికి పో" అన్నాను. ఆమె పోలేదు. ముత్యాలప్ప నవ్వి ఆ ముక్కను మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆకు మూల నిజంగానే సరిగా రాలేదు కాబట్టి, సరిచేయడానికి పెన్ డ్రైవ్ మా దగ్గరే వదిలి వెళ్లాడు.

ఇక్కడ కంప్యూటర్ అడ్డం వచ్చింది. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ వాళ్లు మెసేజ్ పెట్టారు. ఈ నెలాఖరు దాటితే పాత విండోస్ మీద తెరుచుకోదట. గౌతమి చీర అయిపోయాక చూద్దామంటే నెలాఖరు మన కోసం ఆగుతుందా? "ఆషాఢంలో కొత్తది పెట్టుకుంటారా ఎవురైనా?" అని మా అత్త. "విండోస్‌కు ఆషాఢం లేదత్తా" అని నేను. పామిడి నుంచి ఇమ్మానుయేల్‌ను పిలిపించాను.

ఇమ్మానుయేల్ మా వీధిలో అందరి కంప్యూటర్లూ బాగుచేసే మనిషి. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే, మా అత్త ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాడు. వచ్చి కంప్యూటర్ చూసి, "అక్కా, ఇది పైపైన వేస్తే కుదరదు. పాతదంతా తుడిచేసి కొత్తది వేయాల. నీ డిజైన్లన్నీ ముందు బయట భద్రం చేసుకో" అన్నాడు.

భద్రం చేశాను. నాది మామూలు జాగ్రత్త కాదు. పాత డిజైన్లన్నీ ఉగాదికే ఒక కాపీ తీసి కదిరిలో మా తమ్ముడి ఇంట్లో పెట్టాను. ఆ తర్వాత గీసినవాటిలో మగ్గం ఎక్కాల్సింది గౌతమి చీర ఒక్కటే. దాన్ని విడిగా ఉండే చిన్న హార్డ్ డిస్కులోకి ఎక్కించి, తెరిచి చూసి, మూసి, మళ్లీ తెరిచి చూశాను. ఇమ్మానుయేల్‌కు కొత్త విండోస్ వేయడానికి ఖాళీ పెన్ డ్రైవ్ కావాల్సి వస్తే, ముత్యాలప్ప ఇచ్చినదే ఇచ్చాను. హార్డ్ డిస్కులో ఉంది గదా, ఇంక దాంతో పనేముంది?

మా అత్త ఆ హార్డ్ డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమే ఇది? పొడుం డబ్బీ మాదిరుండాది."

"మన ప్రాణమంతా ఇందులోనే ఉండాదత్తా. దీనికేమన్నా అయితే గౌతమికి పెండ్లి చీర లేదనుకో. ముట్టుకోవద్దు" అన్నాను. ఆమె దాన్ని రెండు చేతులతో కళ్లకద్దుకొని బల్ల మీద పెట్టింది. ఆ భక్తి చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు ఉదయం ఇమ్మానుయేల్ పాతదంతా తుడిచేశాడు. కొత్త విండోస్ ఎక్కింది. తెర మీద నీలం రంగు బొమ్మ ఒకటి విచ్చుకుంది. గౌతమి చప్పట్లు కొట్టింది. ఇక హార్డ్ డిస్కు గుచ్చి డిజైన్ వెనక్కి తెచ్చుకోవడమే మిగిలింది. అప్పుడు లోపలి నుంచి పళ్లెంతో మా అత్త దిగింది. పసుపు, కుంకుమ, ఊదుబత్తీలు, నిమ్మకాయలు, టెంకాయ.

"పూజ చేయకుండా ఎవురూ ముట్టుకోవద్దు" అంది.

కాదంటే పూజ కంటే గొడవ ఎక్కువసేపు పడుతుందని ఊరుకున్నాను. బల్ల మీద మౌసు, కీబోర్డు, స్కానరు, పెన్ డ్రైవ్, హార్డ్ డిస్కు అన్నీ వరుసగా పెట్టి బొట్లు పెట్టింది. కొంగులోంచి మడత పెట్టిన పట్టుముక్క ఒకటి తీసి తెర మీద కప్పింది. పైకి దాని వెనక వైపు, పోగులు వేలాడే వైపు కనబడుతోంది.

"అత్తా, తెర కనపడదు, తీసెయ్."

"కొత్త వస్తువుకు కొత్త గుడ్డ కప్పాల. పూజయ్యేదాకా ఉండనీ." తర్వాత ఇమ్మానుయేల్ వైపు తిరిగింది. "నువ్వు గూడా మీ దేవునికి ఒక మాట చెప్పు నాయనా. ఇద్దరు చూసుకుంటే ఇంగా మంచిదే గదా."

ఇమ్మానుయేల్ నవ్వలేదు. చేతులు కట్టుకొని కళ్లు మూసుకున్నాడు. గౌతమి కూడా మూసుకుంది. నేనూ మూసుకున్నాను. టెంకాయ ఠప్పుమని పగిలింది. కాసేపటికి బొళబొళమని చప్పుడు వినబడి కళ్లు తెరిచాను. మా అత్త రెండు చిప్పల నీళ్లనూ హార్డ్ డిస్కు మీద, దాని మూతీ ముక్కూ వదలకుండా, తనివితీరా పోస్తోంది. ఆ నీళ్లలో కుంకుమ కరిగి నాలుగు వైపులా చిందుతోంది.

"అయ్యో అయ్యో! ఏం చేస్తాండావు అత్తా!"

"అభిషేకమే. ప్రాణమంతా ఇందులోనే ఉండాదని నువ్వే గదా చెప్పినావు. తక్కినవాటికి బొట్టు పెడితే చాలు, దీనికి అభిషేకం చేయకపోతే ఎట్ల?"

ఇమ్మానుయేల్ దాన్ని లాక్కొని తుడిచాడు, దులిపాడు, ఊదాడు. మిద్దె మీదికి తీసుకుపోయి ఎండలో పెట్టాడు. మా ఊరి ఎండకు ఎండని వస్తువు లేదు. మధ్యాహ్నానికి డిస్కు కరకరలాడేలా ఎండింది. కంప్యూటర్‌కు గుచ్చితే టిక్కు టిక్కు మంది, ఆ తర్వాత అదీ మానేసింది. ఇమ్మానుయేల్ తల అడ్డంగా ఆడించాడు. "బెంగళూరుకు పంపితే తీస్తే తీయొచ్చు అక్కా. తీసినా పెండ్లిలోపల రాదు."

పెన్ డ్రైవ్ తుడిచేశాం. కంప్యూటర్ తుడిచేశాం. డిస్కు పోయింది. వారాల తరబడి గీసిన చెనిక్కాయ తీగ ఎక్కడా లేదు. అంత పెద్ద డిజైన్‌ను మళ్లీ తలలోంచి గీసి, ముత్యాలప్ప మగ్గం మీద నేసి, పెళ్లి నాటికి చీర దించడం అయ్యే పని కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తను అనరాని మాటలేవీ అనలేదు గానీ, అనగలిగినవన్నీ అన్నాను.

ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నోరు మూసుకున్న అత్తను నేను చూడలేదు. గోడ పక్కన చతికిలబడి, తడి చేతులను చీరకు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఉండిపోయింది.

కబురు విని ముత్యాలప్ప వచ్చాడు. మగ్గానికి అప్పటికే పడుగు ఎక్కించి పెట్టుకున్న మనిషి. అంతా విని, ఆ డిస్కును ఒకసారి తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు.

"పోనీలే నాయనా" అంది గౌతమి. "నువ్వు ఎప్పుడూ నేసే హంసల అంచే వేయి. అది మాత్రం బాగుండదా? అవ్వా, నువ్వు లెయ్యి. ఏం కాలేదు."

ఏం కాలేదని చెబుతూ ఆ పిల్ల గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. వాళ్ల నాయన కూతురి తల మీద చెయ్యి వేయబోయి, వేయలేక, వెనక్కి తీసుకున్నాడు.

నాకు బాధ కలిగినప్పుడు ఇల్లు తుడవడం అలవాటు. బల్లంతా టెంకాయ నీళ్లు, కుంకుమ బురద, పీచు. చేతికి అందిన గుడ్డ తెర మీద నుంచి లాగి బల్ల తుడవబోయాను.

"ఏయ్! ఏయ్! ఆగమ్మా!" అని అరిచాడు ముత్యాలప్ప. "పట్టుగుడ్డతో బల్ల తుడుస్తావా!"

"పట్టో, బట్టో, నాకు..."

నా మాట పూర్తి కాలేదు. ఆయన ఆ ముక్కను నా చేతిలోంచి లాక్కొని మడత విప్పి మంచివైపు తిప్పాడు. జరీ తళుక్కుమంది. ఆకులు. ఊడలు. కాయలు.

"ఇది నేను నేసిన ట్రయలే!"

"నిన్న సాయంత్రం మీ ఇంటికొచ్చి అడుక్కొచ్చినా" అంది మా అత్త గోడ పక్క నుంచి, సన్నగా. "కొత్త గుడ్డ ముక్క ఒకటి ఈమంటే మీ ఆడమనిషి ఇచ్చింది. తప్పేనా అది గూడా?"

గౌతమి ఒక్క అంగలో వచ్చి మా అత్తను గట్టిగా వాటేసుకుంది. డిజైన్ ఎక్కడికీ పోలేదు. పోగు పోగునా ఆ ముక్కలోనే ఉంది. తీగ ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చేంత పొడుగు ముక్క. అంచంతా ఆ ఒక్క చుట్టే మళ్లీ మళ్లీ వస్తుంది. మూరెడు గుడ్డను చదువుకుంటే చీర మొత్తం చదివినట్టే.

స్కానర్ మీద పెట్టి లాగేద్దామనుకున్నాం. కొత్త విండోస్ మా పాత స్కానర్‌ను గుర్తుపట్టనంది. ఇమ్మానుయేల్ ఎంత పరిచయం చేసినా రెండూ మాట్లాడుకోలేదు. ఫోన్‌లో ఫొటో తీస్తే జరీ మెరుపుకు పోగులన్నీ కలిసిపోయాయి. చివరికి ముత్యాలప్ప చాప వేసుకొని కూర్చున్నాడు. జేబులోంచి పోగులు చూసే భూతద్దం తీసి గుడ్డ మీద పెట్టాడు.

"నేను చదువుతా. నువ్వు గీసుకో బిడ్డా."

"చదువు నాయనా."

"రెండు జరీ. ఒకటి వదులు. మూడు జరీ. ఇంగో రెండు వదులు..."

ఆయన చదువుతుంటే గౌతమి తెర మీద గడి తర్వాత గడి నింపుతోంది. కొంతసేపటికి ఆ చదవడానికి ఒక రాగం వచ్చింది. మగ్గం గుంటలో కూర్చుని పనిలో పడినప్పుడు ఆయన నోట వచ్చే రాగమే. ముందు కూతురు గీసింది, నాయన నేశాడు. ఇప్పుడు నాయన చదువుతున్నాడు, కూతురు గీస్తోంది. నేను పక్కన నిలబడి తప్పులు పట్టుకోవాల్సిన దాన్ని, ఒక్క తప్పూ చూడలేదు. వాళ్లిద్దరినే చూస్తూ ఉండిపోయాను.

ఇమ్మానుయేల్ తన బస్సు వదిలేశాడు. "ఈ పని అయ్యేదాకా పోను అక్కా, కొత్త విండోస్ మీద తొలి డిజైన్ ఇదే కావాల" అన్నాడు. మా అత్త లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి అందరి ముందూ పెట్టింది. కంప్యూటర్ ఉన్న గడప మాత్రం దాటలేదు. పళ్లెం గడప దగ్గర పెట్టి, "ఎవురన్నా తీసుకోండి, నేను లోపలికి రాను" అంది.

పని అయిపోవస్తుండగా ముత్యాలప్ప ఆగాడు. భూతద్దం తిప్పి తిప్పి చూశాడు.

"ఈ కాయ మీద ఎర్రగుండాది. ఇది నా పోగు కాదే."

నేను వంగి చూశాను. పూజలో చిందిన కుంకుమ నీళ్లు. కాయ నడుమ చుక్క మాదిరి ఇంకిపోయింది. "మరక అన్నా. వదిలేసి ముందుకు పో" అన్నాను.

గౌతమి గడి నింపకుండా ఆగింది. ఆ చుక్క వైపు చూసింది. గడప అవతల మా అత్త వైపు చూసింది. తర్వాత రంగుల్లో ఎరుపును ఎంచుకొని, కాయ నడుమ చిన్నగా పెట్టింది. ఆ కాయలోనే కాదు, అంచులో ఉన్న ప్రతి కాయలోనూ పెట్టింది.

"నాయనా, మీనా వేయగలవా?" అని అడిగింది. జరీ పువ్వు మధ్యలో రంగు పట్టు వేసి నేయడాన్ని మావాళ్లు మీనా అంటారు. కాయ కాయకూ చేత్తో వేయాల్సిన పని. చచ్చే చాకిరీ.

"ఏమ్మా, నా బిడ్డ చీరకు వేయక ఎవురి చీరకు వేస్తా?" అన్నాడు ముత్యాలప్ప. గౌతమి నా వైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకొని, మా అత్త వైపు కళ్లతో చూపించింది. నేను నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో మా వీధిని అడగండి.

ఆ రోజు నుంచి ముత్యాలప్ప పగలంతా మగ్గం మీదే ఉన్నాడు. పెళ్లికి చీర దిగింది. ఈ మధ్యలో మా ఇంటికి కొత్త గ్యాస్ పొయ్యి వచ్చింది. మా అత్త దానికి బొట్టు కూడా పెట్టలేదు. "నా చెయ్యి మంచిది కాదులే" అంది. ఆమె మీద అంత అరిచిన దాన్ని నేనే, ఆ మాట విని తట్టుకోలేకపోయాను. పొద్దున లేస్తే పోట్లాడే మనిషి పోట్లాట మానేస్తే ఇల్లు ఇల్లులా ఉండదు.

పెళ్లిరోజు గౌతమి ఎర్రపట్టు కట్టుకొని మంటపంలోకి నడిచొచ్చింది. ముత్యాలప్ప చీర వైపు చూడలేదు, చీరలో ఉన్న బిడ్డను చూశాడు. జీవితమంతా ఎంత పట్టు నేశాడో గానీ, ఇంట్లో మనిషి దాన్ని కట్టుకుంటే ఎలా ఉంటుందో ఆయనకు ఆ రోజే తెలిసింది. ఏడుస్తున్నాడని ఎవరో అంటే, "ఏడుపేం కాదు, పొగ" అన్నాడు. అప్పటికి హోమం వెలిగించనే లేదు.

మా అత్త వెనక వరసలో ఎక్కడో కూర్చుంది. గౌతమి పీటల మీద నుంచి పిలిచింది. "అవ్వా, నువ్వు దగ్గరికి రా. అక్షింతలు వేయి." మా అత్త రానంటే నేను చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను. ఆమె వంగి అక్షింతలు వేసింది. అంచు కంటబడింది. కళ్లద్దాలు సర్దుకుంది. ఆ వేళ్లు మళ్లీ కాయను తడిమాయి. ఒక కాయ, ఇంకో కాయ, దాని పక్క కాయ. జరీ కాయల నడుమ ఎర్రగా, చిన్నగా, నిండుగా.

"ఓసి నీ..." అని ఆగిపోయింది. "గింజ పట్టినాదే!"

"నువ్వు పోసిందే అవ్వా. పూజ నాడు పడిన కుంకుమ. నేను తీయలేదు" అంది గౌతమి.

"నేను పోసిందా?"

"నువ్వు పోసిందే. నీ చెయ్యి పడితే లొట్టకాయకు గూడా గింజ పట్టింది చూడు."

మా అత్త గౌతమి గడ్డం పట్టుకుంది. ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి మంటపం దద్దరిల్లేలా అరిచింది.

"ఏమే ఈశ్వరీ! అట్ల చూస్తా నిలబడినావేమే? బిడ్డకు దిష్టి తగలదా? టెంకాయ తేపో!"

ఆ గొంతు వినడానికి ఎన్నాళ్లు ఎదురుచూశానో! పరుగున పోయి టెంకాయ తెచ్చాను. ఇచ్చే ముందు మాత్రం పీటల చుట్టూ ఉన్నవాళ్ల ఫోన్లన్నీ వసూలు చేసి నా సంచిలో వేసుకున్నాను. ఫొటోగ్రాఫర్‌ను కెమెరాతో సహా మంటపం బయటికి తోసేశాను.